మా సర్దార్, వాడి మీదికొచ్చిన బదిలీ

అది గురువారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఆరుద్ర కార్తె నడుస్తోంది గానీ వాన జాడ లేదు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీదా బండ్ల మీదా మా క్వార్టర్ల సందులోకి మళ్లే వేళ. సరిగ్గా ఆ వేళకు, మా ముందు వరండాలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల మా పెద్ద పిల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. వేళ ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, ఆ రోజుల్లో మా ఇంట్లో పిల్లులకు కూడా డ్యూటీ చార్టు ఉండేది. దాన్ని క్యాలెండర్ మీద రాసేది నేనే.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మా వరుసలో చివరి క్వార్టర్ పిల్ల బూట్ల డబ్బాలో ఒక పిల్లికూనను పెట్టుకుని వచ్చి మా గడపలో కూర్చుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. వాళ్ల అత్తగారి పిల్లి ఒకటి ఇంట్లో ముందునుంచీ ఉంది. ఈ కూనను చూస్తే అది మీద పడి చంపేటట్టు ఉందట. "అవ్వా, మీ ఇంట్ల ఒకప్పుడు రెండు పిల్లులుండేనట గద. ఎట్ల కలిపిన్రు?" అని అడిగింది. "మేం కలపలేదు బిడ్డా, చెడగొట్టినం" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని నవ్వింది. ఫోను తీసి నాకు చూపించింది. అందులో ఎవరో చక్కటి పిల్ల చెబుతోంది: రెండింటినీ వేరే వేరే గదుల్లో ఉంచాలట, గదులు మారుస్తూ ఉండాలట, ఒకదాని వాసన ఉన్న బట్ట ఇంకోదాని దగ్గర పెట్టాలట. ఆ పిల్ల చెప్పినవన్నీ మేం చేశాం. ఫోను లేకుండానే, ఒక్కటి కూడా వదలకుండా చేశాం. ఆ సంగతి ఈ పిల్లకు చెబితే కూనను తీసుకెళ్లి ఎక్కడైనా వదిలేస్తుందేమోనని, "ఓపిక పట్టు" అని మాత్రం చెప్పి పంపించాను. ఆమె పోయాక పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

సర్దార్ అని మా పెద్ద పిల్లికి పేరు పెట్టింది మా ఆయన. బొగ్గు గనిని మేం బాయి అంటాం. బాయిలో సర్దార్ అంటే, మనుషులు పనికి దిగకముందే తాను ముందు వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, ఇక పోవచ్చు అని చెప్పే మనిషి. ఆయన ఆ మాట అనందే ఎంత పెద్ద పనివాడైనా అడుగు ముందుకు వేయరాదు. ఈ పిల్లి ఒక వానాకాలం తడిసి, బక్కగా, బూడిదరంగులో మా ఇంటికి వచ్చిన మొదటి రోజే గుమ్మంలో ఆగి తలెత్తి పైకప్పు చూసింది. తర్వాత నాలుగు మూలలూ వాసన చూసింది. వంటింటి గుమ్మం దగ్గర మళ్లీ ఆగి, మళ్లీ పైకి చూసింది. ఇల్లంతా అట్లా తనిఖీ చేసి వచ్చి పెద్ద గది నడిమధ్య కూర్చుంది. మా ఆయన నవ్వడం తక్కువ. ఆ రోజు మాత్రం తింటున్న కంచం పక్కకు పెట్టి మరీ నవ్వాడు. "ఇగో, సర్దార్ పాస్ జేసిండు. ఇగ మనం ఈ ఇంట్ల ఉండచ్చు" అన్నాడు.

ఆ రోజు నుంచి వాడు మా ఆయన మనిషే. నన్ను వంటమనిషిలాగా చూసేవాడు. చేప వండితే తల వాడిది. పాలు పోస్తే మూతి తిప్పుకునేవాడు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బొగ్గు పట్టిన బట్టలు విప్పి మూలకు వేస్తే, వాటి మీద చుట్టుకుని పడుకునేవాడు. ఉతకడానికి తీయబోతే నా చెయ్యి గీరేవాడు. మా ఆయన తట్ట మోసి, చెమ్మసు పట్టి బొగ్గు నింపే మనిషి. చెమ్మసు అంటే బొగ్గు ఎత్తే పెద్ద పార. ఆ బట్టల్లో చెమటా బొగ్గూ కలిసిన వాసన ఎట్లా ఉంటుందో మా సందులో ఆడవాళ్లందరికీ తెలుసు. మేం ముక్కు మూసుకుంటాం. వాడికి మాత్రం అదే పరుపు. షిఫ్టు దిగే వేళకు ప్రహరీ గోడ ఎక్కి కూర్చునేవాడు. మా ఆయన సందు మలుపు తిరగగానే దూకి, కాళ్లకు ఒకసారి రాసుకుని, ముందు నడిచేవాడు. ముందు సర్దార్, వెనక మా ఆయన. ఇంట్లోకి వచ్చే వరస అది.

ముప్పై ఏళ్లు డ్యూటీ చేశాక మా ఆయనకు ఊపిరి చాలకుండా పోయింది. నాలుగడుగులు వేస్తే ఆగాలి. మెడికల్ బోర్డుకు పోతే అన్‌ఫిట్ అని రాశారు. అట్లా రాస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఒక కొడుక్కి వస్తుంది. మా సందులో సగం ఇళ్లు అట్లా నిలబడ్డవే. అందుకే మా దగ్గర మనిషి అన్‌ఫిట్ అయితే మిఠాయి పంచుతారు. మేమూ పంచాం. మా ఆయనే స్వయంగా డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు, ప్రతి గుమ్మం దగ్గరా ఊపిరికి ఆగుతూ. లోపల నీకు ఎట్లా ఉందయ్యా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంతోషం నాది.

ఆయన డ్యూటీ మానేసిన మరుసటి రోజు కూడా సర్దార్ మూడున్నరకు గోడ ఎక్కాడు. మా ఆయన లోపల మంచం మీదే ఉన్నాడు. వాడు ఐదింటి దాకా అక్కడే కూర్చుని లోపలికి వచ్చి, మంచం మీదున్న మనిషిని చూసి, ఇతను కాదన్నట్టు మళ్లీ పోయి గోడ ఎక్కాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు మా ఆయన నాతో ఏమీ అనకుండా లేచి, చెప్పులు వేసుకుని, పెరటి తలుపు గుండా బయటికి పోయాడు. మూలమీది చాయ్ బండి దాకా పోయి, కాసేపు కూర్చుని, మూడు నలభైకి సందు వైపు నుంచి డ్యూటీ దిగిన మనిషిలాగా వచ్చాడు. సర్దార్ దూకి, కాళ్లకు రాసుకుని, ముందు నడిచాడు. ఇక రోజూ అదే. డాక్టరు నడవమన్నాడు, లేవలేదు. నేను అరిచాను, లేవలేదు. కొడుకు బతిమాలాడు, లేవలేదు. పిల్లి కోసం లేచాడు. ఆ నడక ఒక్కటే ఆయన్ను మంచానికి అంటుకుపోకుండా పట్టి ఉంచుతోందని నాకు తెలుసు. అప్పటినుంచీ చేప కూరలో నా వాటా ముక్క కూడా సర్దార్‌కే వేసేదాన్ని.

ఇక రెండోది. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలై ఇంటింటా చేపలు వండుకునే రోజున, మా కొడుకు ఒక చేతిలో చేపల సంచీ, ఇంకో చేతిలో టిఫిన్ సంచీ పట్టుకుని వచ్చాడు. టిఫిన్ సంచీ మియావ్ అంది. కరెంటు ప్లాంటు వాళ్ల జ్యోతినగర్‌లో వాడి దోస్తు ఒకడున్నాడు, అక్కడినుంచి తెచ్చాడట. తెల్లటి కూన, ముక్కు మీద గోధుమ రంగు మచ్చ. ఇంజనీర్ల క్వార్టర్లలో పుట్టిందాయె, పాలూ బిస్కెట్లూ తిని పెరిగింది. ఒళ్లంతా సబ్బు పొడి వాసన. వంటింట్లో నాకు ఒక్కదానికే చెప్పాడు: "సర్దార్ ముసలోడైండవ్వా. రేపు వాడు పోతే బాపు లేస్తడా? వాడుండంగనే ఇంకోదాన్ని అలవాటు జెయ్యాలె." మంచి మాటే అనిపించింది. నేనూ సరే అన్నాను. ఇది రాసి పెట్టడం న్యాయం, ఎందుకంటే తర్వాత తప్పంతా వాడిదే అయింది.

మా ఆయన కూనను చూశాడు. "ఏందిది?"

"పిల్లి బాపూ."

"పిల్లని నాకు తెల్వదా. ఎవని మీదికి తెచ్చినవు?"

"ఎవని మీదికి ఏంది? సర్దార్‌కు తోడుంటదని."

"తోడా! బదిలీ గాడు అను, సక్కగుంటది."

బదిలీ అంటే బాయిలో ఇంకా పర్మనెంటు కానివాడు. పర్మనెంటు మనిషి రాని రోజు వాడి జాగాలో దిగుతాడు. ఆ పేరే కూనకు ఖాయమైంది. మా ఆయన కోపంగా అన్నాడని అందరం నవ్వి సరిపెట్టుకున్నాం. కోపం ఎవరి మీదో ఆ రోజు మాకు తట్టలేదు.

సర్దార్ గుమ్మంలో ఆగి, అలవాటు ప్రకారం పైకప్పు చూసి, తర్వాత కిందికి చూశాడు. కూన వాణ్ణి తల్లి అనుకుందో ఏమో, తిన్నగా పోయి కడుపు కింద దూరింది. కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒక శబ్దం. కూన గిర్రున తిరిగి బియ్యం డబ్బా వెనక పడింది. సర్దార్ పెద్ద గదిలో ఇనుప పెట్టె మీదికి ఎక్కి రెండు రోజులు దిగలేదు. ఆ పెట్టెలో మా ఆయన చివరి రోజు వేసుకున్న డ్యూటీ అంగీ ఉంది. ఉతకనీయలేదు ఆయన. ఎందుకని నేను అడగలేదు. అన్‌ఫిట్ అయినప్పటినుంచీ సర్దార్ ఆ పెట్టె మూత మీదే పడుకునేవాడు.

పక్క క్వార్టర్‌లో ఒక ఆపా ఉండేది. వాళ్లాయన మోటార్ల మెకానిక్. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో ఎప్పుడూ తేలలేదు. ఆమె వచ్చి చూసి, "ఇద్దరు సవతులను ఒక్కటే రూంల దింపుతరా అక్కా? అలగ్ అలగ్ పెట్టుండ్రి. జర వాసన అలవాటు గానీ" అంది. మా ఆయన మంచం మీదినుంచి అంతా వింటూనే ఉన్నాడు. ఆయనకు కూన మీద ఎంత మంటైనా, పని పద్ధతి లేకుండా జరిగితే మాత్రం చూస్తూ ఊరుకోలేడు. "అట్లగాదు. షిఫ్టులు పెట్టుండ్రి" అని లేచి కూర్చున్నాడు.

పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా సర్దార్‌ది పెద్ద గది, బదిలీది వంటిల్లు. మూడింటికి మారాలి. నేను అప్పుడే కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట పెట్టిన బడిలో అక్షరాలు దిద్దుతున్నాను. ఆయన చెబితే నేను క్యాలెండర్ మీద రాశాను. నా పేరు తర్వాత నేను రాసిన మొట్టమొదటి రాత పిల్లుల డ్యూటీ. మా కోడలు నా ఒత్తులు సరిదిద్దుతూ, "అత్తా, వీళ్లకు వారానికొక ప్లేడే గూడ రాయి" అని ఏడిపించేది. ప్లేడే అంటే సెలవు.

షిఫ్టు పద్ధతి పనిచేసేదేమో. కానీ బాయిలో ఒక రివాజు ఉంది. డ్యూటీ దిగి పోయేవాడు, వచ్చినవాడికి జాగా అప్పగించకుండా కదలరాదు. ఇద్దరూ ఎదురుపడి, పైకప్పు ఎట్లా ఉంది, ఎక్కడ భద్రం, అన్నీ చెప్పుకుని మారాలి. మా ఆయన పిల్లుల దగ్గర కూడా అది వదల్లేదు. "ఒకరి మొకం ఒకరు సూడకుంట మారుడేంది? చార్జి ఇచ్చుకోవాలె" అని, రోజూ మూడింటికి రెండింటినీ గుమ్మం దగ్గర ఎదురెదురుగా నిలబెట్టించేవాడు. సర్దార్‌ను ఆయన పట్టుకునేవాడు, బదిలీని నేను. రోజూ మూడు గంటల ఒక నిమిషానికి యుద్ధం. నా ముంజేతుల మీద ఇప్పటికీ రెండు గీతలున్నాయి. "ఈయ్యాల జర తక్కువ గీరిండు" అని ఆయన సంతోషపడేవాడు. ఆపా గోడ మీదినుంచి చూసి, "అయ్యో భాయీ, ఆళ్లకు యూనియన్ గూడ పెట్టియ్యి" అనేది.

నవ్వుతూ రెండు వారాలు గడిచాయి. తర్వాత సర్దార్ తిండి మానేశాడు. చేప తల పెడితే చూసి పక్కకు తిరిగేవాడు. ఎండలో రేకుల షెడ్డు మీద పడుకునేవాడు. మంగళవారం మూడున్నరకు గోడ ఎక్కలేదు. మా ఆయన చాయ్ బండి నుంచి వచ్చి, ఖాళీ గోడ చూసి, గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. బుధవారమూ ఎక్కలేదు. ఆ రోజు లోపలికి వస్తూ చెప్పులు విప్పలేదు ఆయన. చెప్పులతోనే మంచం మీద కూర్చుని, "రేపటి సంది పోను" అన్నాడు.

ఇక మంచానికే అంటుకుపోతాడన్న భయంలో నాకు ఒక ఆలోచన వచ్చింది. సర్దార్‌కు ఈ కూన మీద కోపం దేనికి? సబ్బు పొడి వాసనకు. అది బయటి వాసన. మా ఇంటి వాసన బొగ్గు. దానికి బొగ్గు వాసన పట్టిస్తే మనదే అనుకుంటాడు. కొడుకు బట్టలు పనికిరావు; వాడిది యంత్రం మీద పని, వాటికి బొగ్గు కంటే నూనె వాసన ఎక్కువ. గురువారం మధ్యాహ్నం, నీ కాళ్లు మొక్కుతా ఈ ఒక్క రోజు పోయి రా అని మా ఆయన్ను చాయ్ బండికి పంపించాను. ఇనుప పెట్టె తెరిచి, ఆ అంగీ తీశాను. నాకు అడగాలని తోచలేదు. ముప్పై ఏళ్లు నేను ఉతికిన అంగీలే కదా.

వరండాలో కూనను అందులో చుట్టి పడుకోబెట్టాను. వెచ్చగా ఉండేసరికి అది కళ్లు మూసింది. ఆపా తన స్టూలు తెచ్చుకుని మా గోడ పక్కన వేసుకుని కూర్చుంది. "దుల్హన్ లెక్కుంది అక్కా, కొత్త పెండ్లిపిల్ల" అని మెల్లగా నవ్వింది. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి మెట్టు మీద బూట్లు విప్పుతున్నాడు. కోడలు వాడికి నీళ్లు తెచ్చి గుమ్మంలో ఆగింది. ఆ వాసనకే కావచ్చు, సర్దార్ రేకుల మీదినుంచి దిగి వచ్చాడు. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి, అంగీ చెయ్యి వాసన చూశాడు. కళ్లు మూసుకున్నాడు. ముక్కు చంకలోకి పెట్టాడు. వాడి గొంతులో చాలా రోజుల తర్వాత గుర్రు మొదలైంది. నేను ఆపా చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అప్పుడే కాలర్ లోపలినుంచి కూన మొహం బయటికి వచ్చింది.

వాడు కొట్టలేదు, అరవలేదు. గుర్రు ఆగింది. కూనను చూశాడు. గేటు దగ్గర అప్పుడే వచ్చి నిలబడిన మా ఆయన్ను చూశాడు. తర్వాత మామూలుగా, పని అయిపోయిన మనిషిలాగా గోడ ఎక్కి, అవతలికి దూకి పోయాడు. కొట్టి పోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

"ఆ అంగి ఎవలు దీసిన్రు?" అన్నాడు మా ఆయన.

"నేనే."

ఆయన గేటు మూసి వచ్చాడు. ఉక్కకు ఆ పొద్దున మంచం వరండాలోకి తెచ్చి వేశాం, దాని మీద కూర్చున్నాడు. ఊపిరి అందాక అన్నాడు: "వాని జాగల ఇంకోణ్ణి పండవెట్టి, సంతోషపడు అంటే పడ్తడా? మనిషైనా పడ్తడా?"

కొడుకు ఒక బూటు విప్పాడు, ఇంకొకటి కాలికే ఉంది. తల ఎత్తలేదు. "బాపూ, నువ్వు పిల్లి ముచ్చటే మాట్లాడుతున్నవా?"

ఆయన అంగీ వైపు తిరిగాడు. కొడుకే మళ్లీ అందుకున్నాడు.

"నీ జాగ నేనడిగిన్నా? బోర్డుకు పోయింది నువ్వు. మిఠాయి పంచింది నువ్వు. సదువుకుంటున్నోణ్ణి పిలిచి చేతికి లైటిచ్చి దిగుమన్నరు. దిగిన."

"వద్దనకపోయినవు?"

"అంటే ఇంటివా?"

"అనకపోతివి గదరా!"

నేను మధ్యలోకి వెళ్లాలనుకున్నాను. ఏమని వెళ్లాలి? ఒకడు మొగుడు, ఒకడు కొడుకు. ఇద్దరూ చెప్పింది నిజమే. అంతలో కూన భయానికి అంగీలో పాడు చేసింది. "అయ్యో అత్తా, అంగి!" అంది కోడలు. ఎవరూ నవ్వలేదు. ఆపా స్టూలు ఎత్తుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

ఇక ఉతకక తప్పలేదు. పెరట్లో బండ మీద ఉతికాను. మూడు నీళ్లు మార్చినా నలుపు దిగుతూనే ఉంది. బండ చప్పుడు ఇంట్లోకి వినబడుతుందని నాకు తెలుసు. ఆయన వద్దనీ అనలేదు, చూడటానికీ రాలేదు. నాలుగో నీటికి తెల్లగా వచ్చింది. అది చూసి అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు సర్దార్ కనబడలేదు. గోడ మీద ఎదురుచూసేవాడు లేడు కనక మా ఆయన లేవలేదు. అన్నం కంచంలో కలిపి వదిలేసేవాడు. దగ్గు ఎక్కువైంది, దవాఖానకు పోదామంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తండ్రీ కొడుకూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నేను సందు సందూ తిరిగి పిలిచాను. "సర్దార్, సర్దార్" అని అరుస్తుంటే నిజమైన సర్దార్ ఒకాయన ఇంట్లోంచి బయటికి వచ్చి, "ఏందక్కా, బాయిల ఏమన్న అయిందా?" అని కంగారుపడ్డాడు. కొడుకు డ్యూటీ దిగి నేరుగా ఇంటికి రావడం మానేశాడు. చీకటి పడేదాకా ఎక్కడెక్కడో తిరిగి వచ్చేవాడు. వెతుకుతున్నానని ఎవరికీ చెప్పలేదు. వాడి ప్యాంటుకు అంటిన పల్లేరుకాయలు చూసి నాకే అర్థమైంది. బదిలీ మాత్రం పెద్ద గదిలో రాజ్యమేలింది. పద్ధతి ప్రకారం మూడింటికి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడేది, ఎవరూ చార్జి ఇవ్వడానికి రాకపోయినా.

తొమ్మిదో రోజు కొడుకు రెండు చేతులూ రక్తాలు కారుతూ వచ్చాడు. వెనక రెండో వరుసలో, బెల్లంపల్లి నుంచి ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగా వచ్చిన వాళ్లింట్లో ఉన్నాడట సర్దార్. ఆ ఇల్లాలు కోడిగుడ్డు తినిపిస్తోందట. ఎత్తుకోబోతే చీరేశాడు. నేను పసుపు తేబోతుంటే వద్దని, అట్లాగే మా ఆయన మంచం దగ్గర నిలబడ్డాడు.

"బాపూ, దొరికిండు. నేను పట్టుకుంటే వస్తలేడు. నాతోటి అయితలేదు. నువ్వు రావాలె."

మా ఆయన చాలాసేపు వాడి చేతుల వైపే చూశాడు. తర్వాత లేచాడు. ఉతికిన ఆ అంగీ దండెం మీదే ఉంది. దాన్నే తీసి వేసుకుని, చెప్పుల కోసం కాలితో తడుముకుంటుంటే, కొడుకు వంగి ముందుకు జరిపాడు. ఇద్దరూ గేటు దాటారు. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. మూలమీద ఒకసారి ఆగారు, విద్యుత్ స్తంభం దగ్గర ఒకసారి, మలుపులో ఒకసారి. ఆగినప్పుడల్లా కొడుకు తండ్రి చెయ్యి పట్టుకోలేదు. తానూ ఆగి, వేరే ఎటో చూస్తూ నిలబడ్డాడు. అట్లా నిలబడటం వాడికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను వెంట పోలేదు.

గంట తర్వాత పిల్లి లేకుండా వచ్చారు. "రానన్నడు" అన్నాడు మా ఆయన, మనిషి మాట చెప్పినట్టే. "ఉండనియ్యి. ఆడ మంచిగున్నడు. తిని ఒళ్లు జేసిండు."

సర్దార్ మళ్లీ మా ఇంట్లో ఉండలేదు. పిల్లులను కలపడం నా వల్ల కాలేదు, ఎవరి వల్లా కాలేదు. బదిలీ పెద్దదై, మా గోడ ఎక్కి కూర్చోవడం నేర్చింది, కానీ అది చూసేది కొడుకు కోసం. మా ఆయన రోజూ మధ్యాహ్నం వెనక రెండో వరుస దాకా పోయి, ఆ ఇంటి మెట్టు మీద సర్దార్ పక్కన కూర్చుని వచ్చేవాడు. చాయ్ బండి కంటే ఆ దూరం రెండింతలు. కొడుకుది మొదటి షిఫ్టు అయిన వారాల్లో, వాడూ బట్టలు మార్చుకోకుండానే వెంట పోయేవాడు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారని అడిగితే, మా ఆయన "పిల్లి ముచ్చట" అనేవాడు.

అట్లా రెండేళ్లు నడిచాడు. మొదట సర్దార్ పోయాడు, ఆ చలికాలమే ఆయన. తెలంగాణ వచ్చిందని మా సందంతా రంగులు చల్లుకున్న రోజు, ఆయన మంచం వాల్చి గోడకు ఆనించి ఉంది. ఇప్పుడు కొడుకును అడిగితే ఆ గురువారం సంగతి సరిగా గుర్తు లేదంటాడు. గుర్తు లేకపోవడమే వాడికి మంచిదేమో. కోడలు అది ఆదివారం అంటుంది. చూసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గుతుంటే రోజు కూడా కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది, చివరికి జరగనే లేదన్నట్టు అవుతుంది. అందుకని రాసి పెడుతున్నాను. ఆ రోజు అక్కడ ఉన్నది: మంచం మీద మా ఆయన, మెట్టు మీద, ఒక కాలికి బూటుతో మా కొడుకు, గుమ్మంలో నీళ్ల చెంబుతో కోడలు, గోడ పక్కన స్టూలు మీద ఆపా, అంగీలో బదిలీ, కాసేపటి వరకు సర్దార్, ఇంకా నేను.